ఇంటి జాగాలో మట్టికి వాటా ఎంత?

ఇంటి స్థలంలో ఎంత మేరకు ఇల్లు కట్టుకోవచ్చో మున్సిపాలిటీవారు చెబుతారన్న సంగతి అందరికీ తెలిసిందే. ముందు ఇంత వదలాలి, పక్కల ఇంత వదలాలి, ఎత్తు ఇంతకు మించకూడదు అని ప్లాను మీద గీతలు గీసి మరీ చూపిస్తారు. అయితే అలా వదిలిన జాగాలో ఎంత మేరకు సిమెంటు పరచుకోవచ్చు, ఎంత మేరకు మట్టిని మట్టిగానే ఉంచాలి అని కూడా చెప్పే స్థానిక ప్రభుత్వాలు ప్రపంచంలో ఉన్నాయి. కొన్నిచోట్ల శాతాలు కట్టి చెబుతారు. కొన్నిచోట్ల చదరపు మీటర్లలో చెబుతారు. ఇంకొన్నిచోట్ల, "పరచుకో, కాని పరచినంత మేరకు ఏటేటా రుసుము కట్టు" అంటారు.

మన దగ్గర ఈ విషయం మీద నియమాలు లేవా అంటే, ఉన్నాయి. కాని వాటిని దగ్గర పెట్టుకుని చదివితే నాకు తోచింది ఒకటే. మన నియమాలు ఖాళీ జాగాను లెక్కపెడతాయి గాని, మట్టిని దాదాపు లెక్కపెట్టవు. ఖాళీ వేరు, మట్టి వేరు. ఈ రెంటికీ ఉన్న తేడా ఏమిటో నాకు తెలిసినంతలో చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం. సివిల్ ఇంజనీరింగు చదివే మిత్రులకు ఇందులో కొన్ని సంగతులు పాతవే కావచ్చు. వారు ఆ పేరాలు దాటి ముందుకు పోవచ్చు.

నేల నీరు తాగే తీరు

అమెరికా జలశాస్త్రవేత్త రాబర్ట్ హార్టన్ 1933లో ఒక ముఖ్యమైన సంగతి చెప్పాడు. ప్రతి నేలకూ నీటిని లోపలికి తీసుకునే వేగానికి ఒక హద్దు ఉంటుంది. వాన ఆ హద్దు లోపల కురిస్తే నీరంతా ఇంకుతుంది. హద్దు దాటి కురిస్తే ఎక్కువైనదంతా పైన పారుతుంది. పొడి నేల మొదట ఆత్రంగా తాగుతుంది. తడిసినకొద్దీ ఆ వేగం తగ్గి తగ్గి చివరకు ఒక స్థిరమైన చోట ఆగుతుంది. ఇసుక పాలు ఎక్కువున్న గరప నేలలో ఈ స్థిర వేగం గంటకు 20 నుంచి 30 మిల్లీమీటర్లు ఉంటుందని పుస్తకాలలో ఇస్తారు. జిగురు బంకమట్టిలో గంటకు 1 నుంచి 5 మిల్లీమీటర్లే. కాంక్రీటు సంగతి చెప్పనవసరం లేదు.

రైతుకు హార్టన్ పేరు తెలియకపోయినా ఈ సంగతి తెలుసు. మా నాయన ఎండాకాలంలోనే చెలక దున్ని పెడతాడు. తొలకరి వాన పెచ్చుకట్టిన నేల మీద పడితే గట్టు దాటి పోతుంది. దున్నిన నేల మీద పడితే చేనులోనే దిగుతుంది. వాన వెలిసిన తర్వాత చేలోకి పోయి, మట్టిని వేలితో తవ్వి చూసి, "పదునైంది" అనో "ఇంకా పదును కాలేదు" అనో చెబుతాడు. తడి జానెడు దిగిందా, మూరెడు దిగిందా అన్నదే ఆయన లెక్క. పట్నంలో మనం దీనికి తలకిందులుగా మాట్లాడతాం. "నిన్న పది సెంటీమీటర్లు పడిందట" అంటాం గాని, అందులో ఎంత దిగింది అని అడిగేవాడు ఒక్కడూ ఉండడు.

అలాగని మట్టి కనిపిస్తే చాలు, నీళ్లు ఇంకుతాయనుకోవడం కూడా సరికాదు. మేము హాస్టల్ మిత్రులం ముగ్గురం కలిసి ఒక చిన్న పరీక్ష చేశాం. పాత నూనె డబ్బా అడుగు కోసేసి, దాన్ని రెండంగుళాల లోతు నేలలోకి దిగగొట్టి, చెంబుతో కొలిచి నీళ్లు పోసి, ఎంతసేపటికి ఇంకుతాయో చూడడం. దీనికి రెండు వలయాలున్న పరికరం వాడతారు. మాది దానికి బీద చుట్టం. వేపచెట్టు కింద, ఆకులు రాలి కుళ్లిన చోట, నీళ్లు మా కళ్లముందే దిగిపోయాయి. మైదానానికి అడ్డంగా అందరూ నడిచి నడిచి బాట పడిన చోట, మేము మెస్సుకు పోయి టీ తాగి వచ్చాక కూడా డబ్బాలో నీళ్లు నిలిచే ఉన్నాయి. రెండూ మట్టే! రెంటికీ మధ్య ఇరవై అడుగుల దూరం లేదు. ఇక బండ్లు నిలిపే టైల్సు మీద డబ్బా దిగదు గనుక చుట్టూ బంకమట్టి పూసి నీళ్లు పోశాం. టైలుకూ టైలుకూ మధ్య సందుల్లో మాత్రం కొంచెం చెమ్మ పాకింది, అంతే. ఈ మూడు చోట్ల సంగతి గుర్తుంచుకోండి, ముందు పనికొస్తుంది.

వరద కాలువ కొలతలు వేయడానికి ఇంజనీర్లు ఒక సులభమైన సూత్రం వాడతారు. వాన తీవ్రతను, అది పడిన విస్తీర్ణాన్ని, ఒక గుణకాన్ని కలిపి గుణిస్తే కాలువలోకి ఎంత నీరు వస్తుందో తేలుతుంది. ఆ గుణకం సున్నాకూ ఒకటికీ మధ్య ఉండే సంఖ్య. పడిన వానలో పారిపోయే పాలు ఎంతో అది చెబుతుంది. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2010లో పట్టణ వరదల మీద వెలువరించిన మార్గదర్శకాలు ఈ గుణకాన్ని 0.95 దాకా తీసుకొమ్మని సూచించాయి. అంటే పట్నంలో నూరు చుక్కలు పడితే తొంభై అయిదు కాలువలోకే వస్తాయని అనుకుని కాలువ కట్టాలి. మన నగరాల పాత వరద కాలువలు గంటకు 12 నుంచి 20 మిల్లీమీటర్ల వానకు సరిపడేట్టు కట్టినవని కూడా అవే మార్గదర్శకాలు చెబుతున్నాయి. హైదరాబాదు బేగంపేటలో 2000 ఆగస్టు 24న ఒక్కరోజులో 24 సెంటీమీటర్లకు పైగా కురిసింది. 2020 అక్టోబరు 13 రాత్రి వానకు కాలనీలకు కాలనీలే మునిగాయి. కాలువ అదే, ఆకాశం అదే. మధ్యలో మారింది నేల.

అమెరికా భూగర్భ సర్వే సంస్థలో పనిచేసిన లూనా లియోపోల్డ్ 1968లో ఈ మార్పును విశదంగా వివరించాడు. ఊరు పెరిగి నేల కప్పబడితే రెండు సంగతులు జరుగుతాయి. పారే నీరు ఎక్కువవుతుంది. అది వాగుకు చేరే సమయం తగ్గుతుంది. ఈ రెండోదే ప్రమాదం. మట్టి మీద మెల్లగా, అక్కడక్కడ నిలిచి నిలిచి వచ్చే నీరు కాంక్రీటు మీద అంతా ఒకేసారి వచ్చి పడుతుంది. వరద శిఖరం పైకి లేస్తుంది. కింద ఉన్నవాడి ఇంట్లోకి నీళ్లు వస్తాయి. పైన ఉన్నవాడు తన వాకిలి శుభ్రంగా ఉందని సంతోషిస్తాడు. ఒకరి జాగాలో పరచిన సిమెంటు మరొకరి ఇంటి గడప మీద పనిచేస్తుంది గనుకనే ఇది సొంత విషయం కాకుండా స్థానిక ప్రభుత్వపు విషయం అయింది.

మూడు దేశాల పద్ధతులు

అమెరికాలోని మేరీలాండ్ రాష్ట్రంలో చెసాపీక్ అనే పెద్ద అఖాతం ఉంది. ఒడ్డున ఉన్న భూములనుంచి కొట్టుకువచ్చే నత్రజని, భాస్వరం, మట్టితో ఆ నీళ్లు పాడవుతున్నాయని 1984లో ఒక చట్టం చేశారు. పోటు నీళ్లు వచ్చే హద్దునుంచి వెయ్యి అడుగుల లోపల ఉన్న భూములకు ఇది వర్తిస్తుంది. అమలు చేసేది అక్కడి స్థానిక ప్రభుత్వాలు. ఒక మోస్తరుగా ఇళ్లున్న మండలాలలో స్థలంలో 15 శాతానికి మించి కప్పరాదని సామాన్య సూత్రం. అర ఎకరం లోపు ఉన్న పాత స్థలాలకు 25 శాతం. ఇల్లు, కారు దారి, నడవ, అన్నీ ఆ శాతంలోకే వస్తాయి.

ఈ చట్టంలో నాకు నచ్చింది ఆ శాతం కాదు, 2008లో చేసిన సవరణ. అంతకు ముందు "నీరింకని ఉపరితలం" అన్న మాట వాడేవారు. దాంతో తగువులు వచ్చేవి. కంకర పోశాను, కంకరలోంచి నీళ్లు ఇంకుతాయి గదా, దాన్ని ఎందుకు లెక్కపెడతారు అని అడగవచ్చు గదా! 2008లో ఆ మాట తీసేసి "స్థలపు కప్పు" అన్న అర్థం వచ్చే మాట పెట్టారు. కంకర లెక్కలోకి వచ్చింది. సందులున్న టైల్సు కూడా వచ్చాయి. చెక్కల మధ్య నీరు స్వేచ్ఛగా దిగేలా సందులు వదిలి కట్టిన అరుగు మాత్రం లెక్కలోకి రాదు, ఎందుకంటే దాని కింద నేల నేలగానే ఉంటుంది. కంకరను ఎందుకు లెక్కపెట్టారంటే, కారు పదేపదే ఎక్కి దిగితే దాని కింద మట్టి అణగారి రాయిలా అవుతుంది. మా డబ్బా పరీక్షలో కాలిబాట సంగతి ఇదే.

ఇంగ్లండులో దారి వేరు. 2007 వేసవిలో అక్కడ పెద్ద వరదలు వచ్చాయి. ఆ మరుసటి సంవత్సరం, అంటే 2008 అక్టోబరు 1 నుంచి, ఇంటి ముందు తోటలో 5 చదరపు మీటర్లకు మించి నీరింకని పరపు వేయాలంటే ప్లానింగు అనుమతి తీసుకోవాలన్నారు. అంతకు ముందు అక్కర్లేదు. నీరు ఇంకే పదార్థంతో పరిస్తే అనుమతి అవసరం లేదు. పరచిన చోటినుంచి నీరు వీధిలోకి పోకుండా ఇంటి ఆవరణలోనే ఉన్న గడ్డిలోకో, పూలమళ్లలోకో పారేట్టు వాలు పెట్టినా అవసరం లేదు. చూడండి, పరపును నిషేధించలేదు. "నీ నీళ్లు నీ జాగాలోనే దించుకో" అన్నారు. ఇది చిన్న మాటగా కనిపిస్తుంది గాని, చాలా తెలివైన మాట. దీని దగ్గరకు మళ్లీ వస్తాను.

జర్మనీలోని బెర్లిన్ నగరంలో 1994 నాటికి ఇంకో లెక్క వచ్చింది. నగరం లోపలి కొన్ని ప్రాంతాలలో ఒక్కో రకం నేలకు ఒక్కో మార్కు వేశారు. పూర్తిగా కప్పిన నేలకు సున్నా. సందులున్న ఇటుక పరపుకు 0.3. గడ్డి మొలిచే సందులున్న పరపుకు 0.5. కింది నేలతో సంబంధం ఉన్న మట్టిలో మొక్కలుంటే పూర్తి మార్కు, 1. ఈ మార్కులతో విస్తీర్ణాన్ని గుణించి, కూడి, మొత్తం స్థలంతో భాగిస్తే వచ్చేది కొత్త ఇళ్లకు 0.6 ఉండాలన్నారు. మన పరీక్షల మార్కుల్లాగే ఒకదానిలో తగ్గితే మరొకదానిలో తెచ్చుకోవచ్చన్నమాట. సెల్లారు కప్పు మీద మట్టి పోసి మొక్కలు పెంచితే పూర్తి మార్కు రాదు. మట్టి లోతును బట్టి 0.5 గాని 0.7 గాని ఇస్తారు. పైకి పచ్చగా కనిపించినా కింద స్లాబు ఉందన్న సంగతి వారు మరచిపోలేదు. దీనితో పాటు బెర్లినులో 2000 నుంచి మురుగునీటి రుసుమును, వాననీటి రుసుమును విడదీశారు. కాలువలోకి వాననీరు పంపే ప్రతి చదరపు మీటరు కప్పిన నేలకూ డబ్బు కట్టాలి. టైల్సు పీకేస్తే బిల్లు తగ్గుతుంది.

మన నియమాలు ఏమంటున్నాయి

మనకు 2002లో ఆంధ్రప్రదేశ్ నీరు, భూమి, చెట్ల చట్టం వచ్చింది. దాన్నే వాల్టా అంటారు. 200 చదరపు మీటర్లకు తక్కువ కాని ఇళ్ల స్థలాలలో, వ్యాపార స్థలాలలో, ఖాళీ జాగాలలో వాననీటిని ఇంకించే ఏర్పాట్లు చేయించే అధికారాన్ని అది ఇచ్చింది. 2000లో ప్రారంభించిన "నీరు–మీరు" రోజులనుంచే ఇంకుడు గుంత అన్న మాట ఇంటింటికీ తెలుసు.

తర్వాత 2012 ఏప్రిల్‌లో భవన నిర్మాణ నియమాలతో 168 నంబరు జి.ఓ. వచ్చింది. చాలామంది దాన్ని సెట్‌బ్యాకుల జీవో అనుకుంటారు. అందులో మన విషయానికి సంబంధించిన మూడు మాటలున్నాయి. 300 చదరపు మీటర్లకు మించిన ప్లాట్లలో సెట్‌బ్యాకు లోపలే ప్రహరీ వెంబడి కనీసం ఒక మీటరు వెడల్పున పచ్చని మొక్కల పట్టీ పెంచాలి. 750 చదరపు మీటర్లు దాటితే దానికి అదనంగా స్థలంలో 5 శాతం తోటగా ఉంచాలి. ఈ పట్టీలను, ఇంకుడు ఏర్పాట్లను నిర్వహించకపోతే, సరిచేసేదాకా ఏటా ఆస్తిపన్ను మీద 10 శాతం అదనంగా వసూలు చేయాలి. కాగితం మీద చూస్తే బెర్లినుకు మనం ఏమీ తీసిపోలేదు!

కాని ఈ సంఖ్యలను మన భాషలోకి, అంటే గజాల్లోకి మార్చి చూడండి. 200 చదరపు మీటర్లంటే 239 గజాలు. 300 అంటే 359 గజాలు. 750 అంటే 897 గజాలు. మధ్యతరగతివాడు ఊరి బయట వెంచర్లలో కొనేది 100 గజాలు, 150 గజాలు, మహా అయితే 200 గజాలు. వల కళ్లు పెద్దవి, చేపలు చిన్నవి. ఒక్కో ప్లాటు చిన్నదే గాని వాటిని కలిపితేనే గదా కాలనీ! కాలువలోకి వచ్చే నీళ్లకు ఏ ప్లాటు ఎంతన్నది తెలియదు.

ఇక అన్ని ప్లాట్లకూ వర్తించే సెట్‌బ్యాకు సంగతి. గాలి, వెలుతురు, అగ్నిమాపక యంత్రం రావడానికి దారి, ఇవన్నీ సెట్‌బ్యాకు వల్ల కలిగే లాభాలే. దాన్ని నేను తక్కువచేసి మాట్లాడడంలేదు. అయితే అది గోడ ఎక్కడ లేవాలో చెబుతుంది. గోడ లేవని చోట నేల ఎలా ఉండాలో చెప్పదు. అందుచేత ఇల్లు పూర్తయ్యేనాటికి సెట్‌బ్యాకు అంతా టైల్సో, గ్రానైటో, బెడ్ కాంక్రీటో అయి ఊరుకుంటుంది. ప్లానులో అది ఇప్పటికీ "ఖాళీ జాగా"యే. అధికారి వచ్చి టేపు పట్టి కొలిచినా సరిగ్గానే ఉంటుంది.

ఖాళీనీ మట్టినీ కలిపేయడానికి ఇంతకంటే పెద్ద ఉదాహరణ 1996 మార్చి నాటి 111 నంబరు జి.ఓ. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలను కాపాడడానికి వాటి చుట్టూ పది కిలోమీటర్ల మేర 84 గ్రామాలలో కట్టడాలను అదుపు చేసిన ఉత్తర్వు అది. హైదరాబాదు నీటి చరిత్రలో దాని స్థానం గొప్పదే. కాని అందులో కూడా, కొత్త లేఅవుట్లలో మొత్తం విస్తీర్ణంలో 60 శాతం "ఖాళీ స్థలాలుగా, రోడ్లుగా" ఉంచాలని రాశారు. రోడ్డుకూ ఖాళీ స్థలానికీ ఒకే గంప! తారు రోడ్డు మీద ఇల్లు లేదు, నిజమే. నీళ్లు దిగే దారి కూడా లేదు. 2022 ఏప్రిల్‌లో 69 నంబరు జి.ఓ. ద్వారా ఆ ఆంక్షలను సడలించారు. సడలించాలని చాలాకాలంగా అడిగినవారిలో ఆ గ్రామాల రైతులూ ఉన్నారు. పక్క ఊళ్లో ఎకరం ధర ఆకాశాన్నంటుతుంటే తన ఎకరం మాత్రం నగరం నీటి కోసం అలాగే పడి ఉండాలా అన్నది వారి ప్రశ్న. రైతు కొడుకుగా ఆ ప్రశ్నను కొట్టిపారేయడం నావల్ల కాదు. నగరానికి నీళ్లిచ్చే భారమంతా 84 ఊళ్ల మీద పెట్టి, నగరం లోపల ప్రతి గజమూ కప్పేసుకోవడం ఏ న్యాయం?

మేస్త్రీ మాట, అమ్మ మాట

మట్టి వదలండి అని చెప్పడం సులభం. మా అన్నయ్య 200 గజాలలో ఇల్లు కడుతున్నప్పుడు నేను ఇదే మాట అంటే మేస్త్రీ నవ్వాడు. "తమ్మీ, మట్టి ఇడిస్తే చెదలు వస్తయి. వాన నీళ్లు పునాదిల దిగుతయి. పాములొస్తయి. మళ్ల నన్నే తిడతరు" అన్నాడు. ఆయన మాటలో నిజం ఉంది. గోడకు ఆనుకుని నీళ్లు నిలిస్తే పునాదికి మంచిది కాదు. నల్లరేగడి అయితే మరీను. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలిస్తుంది, గోడలు పగులుతాయి. అందుకే గోడ చుట్టూ బయటికి వాలుగా గట్టి పరపు వేయడం మంచి పద్ధతే. కాని ఆ పరపు ప్రహరీ దాకా పోనక్కర్లేదు. గోడ దగ్గర పరపు, ప్రహరీ దగ్గర మట్టి. జి.ఓ. 168 పెద్ద ప్లాట్లకు పట్టీని ప్రహరీ వెంబడి పెట్టమనడంలో ఈ విధంగా చూస్తే మంచి ఇంజనీరింగే ఉంది.

మా అమ్మ మాట ఇంకొకటి. ఆమె ముప్పై ఏళ్లు మట్టి వాకిలి ఊడ్చి, పేడ కళ్లాపి చల్లి, వానాకాలం బురద తొక్కింది. అన్నయ్య ఇంటికి వచ్చి టైల్సు వాకిలి చూసి, "ఇప్పుడు నడుము నిలబడుతుంది" అంది. వడ్లు, మిరపకాయలు ఎండబోయడానికి కూడా గచ్చే మేలు. పర్యావరణం మీద ఉపన్యాసాలిచ్చేవారు ఆ మట్టి వాకిలిని ఊడ్చేది ఎవరో కూడా ఆలోచించాలి. కనుక నడిచే చోట, బండి నిలిపే చోట, బట్టలు ఉతికే చోట పరపు ఉండాల్సిందే. కావలసింది అంతా మట్టి కాదు, మట్టికి ఒక వాటా.

ఇంకుడు గుంత ఉంది గదా, మళ్లీ మట్టి ఎందుకు అని అడిగేవారున్నారు. హైదరాబాదు కింద ఉన్నది గ్రానైటు. పైన పలుచని పొర మాత్రమే మొరం. నీళ్లు నిలిచేది ఆ పొరలోనూ, రాతి పగుళ్లలోనూ. అటువంటి చోట లోతైన గుంత మంచిదే. ఎక్కడ ఉండాలో తెలిసి తవ్వితే మరీ మంచిది. కాని గుంతకు ఒక లోపం ఉంది. దానిలోకి వచ్చే నీటితో దుమ్ము, ఆకులు, ఒండ్రు వస్తాయి. ఇసుక, కంకర పొరలను తీసి కడగకపోతే కొన్ని వానలకే మూసుకుపోతుంది. అనుమతి కాగితం కోసం తవ్విన గుంతను తర్వాత ఎవరూ తెరిచి చూడరు. మొక్కలున్న మట్టి అలా కాదు. వేళ్లు, వానపాములు, చీమలు కలిసి దాన్ని రోజూ గుల్లచేస్తూనే ఉంటాయి. జీతం లేని కూలీలు.

గజాలలో లెక్క

200 గజాలంటే 167 చదరపు మీటర్లు. ఒక గంటలో 50 మిల్లీమీటర్ల వాన కురిసిందనుకుందాం. ఆ ప్లాటు మీద పడిన నీరు 8,350 లీటర్లు. ప్లాటంతా కప్పేస్తే, 0.95 గుణకంతో వీధిలోకి పోయేది సుమారు 7,930 లీటర్లు. ఇప్పుడు నాలుగో వంతు, అంటే 50 గజాలు మట్టిగా వదిలారనుకోండి. గట్టి వానలో మట్టి కూడా అంతా తాగలేదు గనుక దాని గుణకం 0.4 అని వేసుకుందాం. అప్పుడు బయటికి పోయేది సుమారు 6,780 లీటర్లు. తేడా దాదాపు 1,150 లీటర్లు. వంద ఇళ్ల కాలనీకి అయితే 1,15,000 లీటర్లు, అయిదు వేల లీటర్ల టాంకర్లు 23. తర్వాత ఎండాకాలంలో అదే కాలనీకి అవే టాంకర్లు కొనుక్కుంటాం.

నిజం చెప్పాలంటే ఈ తేడా నేను అనుకున్నంత పెద్దది కాదు. నాలుగో వంతు జాగా వదిలితే ఏడో వంతు నీరే తగ్గింది. ఎందుకంటే ఇంటికప్పు నీళ్లు, టైల్సు నీళ్లు మట్టిని తాకకుండానే గొట్టాల గుండా వీధిలోకి పోతున్నాయి. మట్టి తన మీద పడ్డ వానను మాత్రమే తాగుతోంది.

ఇక్కడే ఇంగ్లండు నియమం గుర్తుకు రావాలి, దానికంటే ముందు వరిమడి గుర్తుకు రావాలి. మడికి గట్టు ఉంటుంది. మడి కిందికి, గట్టు పైకి ఉంటాయి. నీరు నిలుస్తుంది. మనం ఇంటి దగ్గర దీనికి తిరకాసుగా చేస్తాం. టైల్సు కింద, పూలమొక్కల మట్టి పైన! ఇటుకలతో చిన్న గోడ కట్టి, మట్టి పోసి, దాన్ని గార్డెన్ అంటాం. అందులోకి టైల్సు నీళ్లు ఎలా ఎక్కుతాయి? ఆ 50 గజాల మట్టిని చుట్టూ ఉన్న పరపుకంటే నాలుగంగుళాలు, అంటే పది సెంటీమీటర్లు, కిందికి ఉంచి, కప్పు గొట్టాన్ని, పరపు వాలును దానివైపు తిప్పితే చాలు. 42 చదరపు మీటర్లలో పది సెంటీమీటర్లంటే 4,200 లీటర్లు. ఇంకినది కాక, నిలిచేదే అంత. ఆ గంట వానలో సగం. ఎక్కువైన నీరు పోవడానికి ఒక మూల వీధివైపు తూము పెట్టుకుంటే ఇంట్లోకి వస్తుందన్న భయం లేదు. చెలక నేలలో ఆ నీరు రాత్రికి రాత్రి దిగిపోతుంది. దోమ గుడ్డునుంచి దోమ కావడానికి దాదాపు వారం పడుతుంది గనుక ఆ బెంగ కూడా అక్కర్లేదు. రేగడిలో అంత త్వరగా దిగదు. అక్కడ లోతు తగ్గించి, గోడకు మరింత దూరంగా ఉంచాలి.

కాబట్టి నన్నడిగితే నియమం ఇలా ఉండాలి. 100 గజాలనుంచే మొదలు కావాలి. ఖాళీ ఎంత అని కాక, కింది నేలతో సంబంధం ఉన్న మట్టి ఎంత అని అడగాలి. చిన్న ప్లాటుకు తక్కువ శాతం, పెద్ద ప్లాటుకు ఎక్కువ శాతం. ఆ మట్టి పరపుకంటే కిందికి ఉందా, కప్పు గొట్టం ఎటు తిరిగింది అన్న రెండు సంగతులు ప్లానులో గీయించాలి. 10 శాతం అదనపు పన్ను అని బెదిరించడంకన్నా, మట్టి ఉంచినవాడికి పన్నులో కొంత తగ్గిస్తే మన జనానికి ఎక్కువ నచ్చుతుంది. టైల్సుకు పెట్టే ఖర్చు కూడా మిగులుతుందని మా మేస్త్రీ చెప్పడు గాని, అది నిజం. కారు నిలిపే చోట కూడా రెండు చక్రాలకు రెండు పట్టీలు చాలు, మధ్యలో గడ్డి ఉండవచ్చు.

అన్నయ్య ఇంట్లో చివరికి ప్రహరీ వెంబడి మూడడుగుల పట్టీ దక్కింది. మేస్త్రీ దాన్ని అలవాటుగా ఇటుకలు పెట్టి ఎత్తు చేయబోతే మా నాయన ఆపి, పార తీసుకుని తానే మడిలాగా దించాడు. అందులో కరివేపాకు, జామ, రెండు బొప్పాయి చెట్లున్నాయి.

మన కాలేజీ సైకిల్ స్టాండు పక్కన వేపచెట్ల మొదళ్ల దాకా టైల్సు పరచి ఉన్నాయి. చెట్టు చుట్టూ మూడడుగుల మేర ఊడదీస్తే ఒక్కో చెట్టుకు 28 చదరపు అడుగుల నేల బయటపడుతుంది. సైకిలు నిలపడానికి ఏ అడ్డమూ ఉండదు. యూనియన్ మిత్రులు అనుమతి తెప్పిస్తే గడ్డపార పట్టడానికి మేము ముగ్గురం సిద్ధం. పని ముందు ఒకసారి, తర్వాత ఒకసారి కొలవడానికి మా అడుగులేని డబ్బా హాస్టల్ గదిలోనే ఉంది.